సింగిల్స్‌లో 213, డబుల్స్‌లో 1: రోహన్ బోపన్న ఆట జీవితం చెప్పే లెక్కలు

కొడగుకు చెందిన టెన్నిస్ క్రీడాకారుడు రోహన్ బోపన్న వృత్తిపరమైన ఆట నుంచి వైదొలుగుతున్నట్లు 2025 నవంబరు 1వ తేదీన ప్రకటించాడు. ఆ తేదీ కర్ణాటకకు రాజ్యోత్సవం, ఆంధ్రప్రదేశ్‌కు అవతరణ దినం. సరిహద్దు పల్లెలకు మాత్రం ఊరు ఒక రాష్ట్రంలోనూ చుట్టరికం మరొక రాష్ట్రంలోనూ మిగిలిపోయిన రోజు. కొడగుకు కూడా అది సామాన్యమైన తేదీ కాదు. అంతవరకు ప్రత్యేక రాష్ట్రంగా ఉన్న ఆ చిన్న సీమ 1956లో ఇదే రోజున మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. బోపన్న ఆ తేదీని ఉద్దేశించి ఎంచుకున్నాడని భావించనవసరం లేదు గానీ, కర్ణాటకలో ఆ వార్తకు మరింత ప్రాముఖ్యం లభించడానికి అది కూడా ఒక కారణం.

విరమణ సందర్భంగా వెలువడిన కథనాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అది వయసు. 43 ఏళ్ల వయసులో గ్రాండ్‌స్లాం డబుల్స్ టైటిల్, అదే వయసులో ప్రపంచ ప్రథమ ర్యాంకు, 44 ఏళ్ల వయసులో మాస్టర్స్ టైటిల్. ఇవన్నీ సత్యమే, ప్రశంసనీయమే. కానీ ఆశ్చర్యపడి ఊరుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది. సింగిల్స్‌లో బోపన్న చేరుకోగలిగిన అత్యుత్తమ ర్యాంకు 213. అది 2007 నాటి మాట. ఆ ర్యాంకుతో గ్రాండ్‌స్లాం పోటీల ప్రధాన డ్రాలో నేరుగా చోటు దొరకదు. డబుల్స్‌లో అతడు 2024 జనవరి 29న ప్రపంచంలో ప్రథముడయ్యాడు. ఈ రెండు అంకెల నడుమ దూరాన్ని పూడ్చినది పట్టుదల ఒక్కటే కాదు. డబుల్స్ అనే ప్రత్యేకమైన వృత్తి ఒకటి ఉండబట్టి, ఫలితం కోసం ఏళ్ల తరబడి వేచి చూడగల ఇల్లు వెనుక ఉండబట్టి అది సాధ్యమైంది. ఇందులో మొదటిదానికి ఇప్పుడు గండం పొంచి ఉన్నది. రెండవది మన దేశంలో బహు కొద్దిమందికే ఉన్నది.

సింగిల్స్‌లో నెగ్గలేనివారు ఆడుకునే ఆట డబుల్స్ అన్న చులకన భావం మన ప్రాంతాలలోనే కాదు, టెన్నిస్ పుట్టిన దేశాలలోనూ ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. డబుల్స్ ఆటగాళ్లలో అధికులు మొదట సింగిల్స్‌లో అదృష్టం పరీక్షించుకున్నవారే. అయితే ఆట స్వభావం వేరు. కోర్టు పొడవు రెండింటికీ 23.77 మీటర్లే. వెడల్పు మాత్రం సింగిల్స్‌లో 8.23 మీటర్లు, డబుల్స్‌లో 10.97 మీటర్లు. పెరిగిన వెడల్పు మూడు మీటర్ల లోపే గానీ మనుషుల సంఖ్య రెట్టింపవుతుంది. అందువల్ల పరుగు తగ్గుతుంది, ప్రతిస్పందన వేగం పెరగాలి. వెనుక గీత వద్ద గంటల తరబడి బంతిని తిప్పికొట్టే ఓపిక కంటే బలమైన సర్వీసు, నెట్ వద్ద చురుకుదనం, భాగస్వామి ఎటు కదులుతాడో ముందుగానే గ్రహించే నేర్పు ఇక్కడ విలువైనవి. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగిన సర్వీసు ఉన్న బోపన్నకు డబుల్స్ సహజంగా కుదిరింది. మోకాళ్లు అరిగిన తరువాత కూడా ఆడగలగడానికి ఇదే మూలం.

ర్యాంకుల పద్ధతి కూడా తెలుసుకోదగినది. డబుల్స్ ర్యాంకు జోడీకి కాక మనిషికి లభిస్తుంది. ఇద్దరు కలిసి గెలిస్తే ఆ పాయింట్లు ఇద్దరికీ పూర్తిగా వస్తాయి. అవి 52 వారాల పాటు ఖాతాలో నిలిచి తరువాత తొలగిపోతాయి. పోటీలో ప్రవేశం కావాలంటే మాత్రం ఇద్దరి ర్యాంకులను కలిపి చూస్తారు. అంటే ఒకడు ఎంత మంచి ఆటగాడైనా భాగస్వామి ర్యాంకు పడిపోతే పెద్ద పోటీలో చోటు పోతుంది. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి కుంటితే రెండవదీ చాలు మధ్యలో నిలిచిపోవలసిందే గదా. అందుకే డబుల్స్ ఆటగాళ్లు భాగస్వాములను తరచుగా మారుస్తుంటారు. బయటివారికి అది చంచలత్వంగా కనిపిస్తుంది. వారికి అది జీవనోపాధి. పైగా 2006 నుంచి సాధారణ టూర్ పోటీలలో మూడవ సెట్టుకు బదులు 10 పాయింట్ల టైబ్రేకు పెట్టి, డ్యూస్ వద్ద ఒకే పాయింటుతో గేము తేల్చే పద్ధతి తెచ్చారు. గంటన్నర ఆట చివరికి నాలుగైదు బంతుల మీద ఆధారపడుతుంది. రెండు మూడు వారాలు ఆ బంతులు కలిసిరాకపోతే ర్యాంకు జారుతుంది, ర్యాంకు జారితే భాగస్వామి కూడా జారిపోతాడు.

ఇక ఆదాయం. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పురుషుల సింగిల్స్ విజేతకు 31.5 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు లభించాయి. డబుల్స్ విజేతలకు లభించినది 7.3 లక్షలు. అదీ ఇద్దరికీ కలిపి. పంచుకుంటే బోపన్న వంతు 3.65 లక్షలు. సింగిల్స్ విజేత ఆదాయం దీనికి ఎనిమిది రెట్లకు పైగా ఉన్నది. మరొక విధంగా చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. అదే పోటీలో సింగిల్స్ మొదటి రౌండులోనే ఓడి ఇంటికి వెళ్లిన ఆటగాడికి 1.2 లక్షలు ఇచ్చారు. ఆరు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తిన డబుల్స్ ఆటగాడి సంపాదనలో అది మూడవ వంతు. ప్రపంచంలో ప్రథముడైనవాని పరిస్థితి ఇది. ఎనభయ్యో వందో ర్యాంకులో ఉన్నవాడు విమానం టికెట్టు, హోటలు గది, శిక్షకుని జీతం లెక్క వేసుకుంటే చేతికి మిగిలేది ఏపాటిదో ఊహించవచ్చు.

బోపన్న 1980 మార్చి 4న బెంగళూరులో జన్మించి కొడగులో పెరిగాడు. ఇంటిపేరు మచ్చండ. తెలుగువారి వలెనే కొడవలకూ ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ పేరును బట్టే మనిషి వంశం తెలుస్తుంది. తండ్రి కాఫీ తోటల రైతు. ఆ సీమలో పిల్లలు సహజంగా పట్టుకునేది హాకీ కర్ర. కొడవ కుటుంబాల మధ్య 1997లో మొదలైన హాకీ పోటీలలో వందలాది ఇంటిపేర్లు జట్లుగా బరిలోకి దిగుతాయి. అటువంటి చోట తండ్రి ప్రోత్సాహంతో 11 ఏళ్ల వయసులో బోపన్న టెన్నిస్ రాకెట్ పట్టాడు. సర్వీసుకు బలం రావడానికి కట్టెలు కొట్టడం, దమ్ము పెరగడానికి కాఫీ తోటల గుండా పరుగెత్తడం అప్పటి సాధన. విరమణ ప్రకటనలో అతడు వీటిని ప్రత్యేకంగా స్మరించుకున్నాడు. తరువాత ఇల్లు విడిచి పుణెలో నందన్ బాల్ వద్ద శిక్షణకు చేరాడు.

ఈ భాగాన్ని పత్రికలు ముచ్చటగా వర్ణిస్తాయి. కట్టెలు కొట్టి ప్రపంచ విజేత అయ్యాడన్న మాట వినసొంపుగానే ఉంటుంది. అయితే కట్టెలు కొట్టే పిల్లలు అన్ని పల్లెలలోనూ ఉన్నారు. వారికి లేనిదీ బోపన్నకు ఉన్నదీ ఏమిటంటే, కౌమారంలోనే పరాయి రాష్ట్రంలో ఉంచి శిక్షణ ఇప్పించగల, 2003లో వృత్తిలో ప్రవేశించాక మొదటి ఏళ్లలో రాబడి లేకపోయినా నెట్టుకురాగల కుటుంబం. ఈ మాట చెప్పడం అతని శ్రమను తగ్గించడం కాదు. ఆ శ్రమను పిల్లలకు ఆదర్శంగా చూపేటప్పుడు తల్లిదండ్రులకు ఖర్చు సంగతి దాచకపోవడమే న్యాయం.

మొదటి టూర్ టైటిల్ కోసం అతడు 2008 వరకు ఆగవలసి వచ్చింది. అమెరికాకు చెందిన ఎరిక్ బుటోరాక్‌తో కలిసి లాస్ ఏంజిలిస్‌లో అది గెలిచాడు. అసలు గుర్తింపు 2010లో వచ్చింది. అప్పటి భాగస్వామి పాకిస్తాన్ క్రీడాకారుడు ఐసామ్ ఉల్ హక్ ఖురేషీ. ముంబై దాడులు జరిగి రెండేళ్లు కూడా కాని కాలమది. రెండు దేశాల మధ్య క్రికెట్ పర్యటనలు నిలిచిపోయాయి. ఆ వాతావరణంలో వీరిద్దరూ యుద్ధం మాని టెన్నిస్ ఆడండి అన్న నినాదం వేసుకుని కోర్టులలో తిరిగారు. ఆ ఏడాది యుఎస్ ఓపెన్ ఫైనల్‌కు చేరారు. ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల రాయబారులు ప్రేక్షకులలో పక్కపక్కన కూర్చుని ఆ ఆట తిలకించారు. బ్రయాన్ సోదరుల చేతిలో రెండు టైబ్రేకులలో ఓటమి తప్పలేదు. ఆ ఏటి ఆర్థర్ ఆష్ మానవతా పురస్కారాన్ని వృత్తి క్రీడాకారుల సంఘం ఇద్దరికీ కలిపి ఇచ్చింది. భాగస్వామిని ఎంచుకునేటప్పుడు పాస్‌పోర్టును కాక ఆటను చూసే స్వేచ్ఛ ఉంటే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఈ జోడీ చక్కని ఉదాహరణ.

అదే సెప్టెంబరులో చెన్నై నుంగంబాకం స్టేడియంలో బ్రెజిల్‌తో డేవిస్ కప్ పోరు జరిగింది. భారత్ 0–2తో వెనుకబడి, డబుల్స్‌లోనూ ఆ తరువాతి సింగిల్స్‌లోనూ గెలిచి సమం చేసింది. నిర్ణాయకమైన అయిదవ మ్యాచ్ బోపన్నకు వచ్చింది. డబుల్స్ ఆటగాడిగా ముద్రపడినవాడు సింగిల్స్‌లో రికార్డో మెల్లోను వరుస సెట్లలో ఓడించి భారత్‌ను ప్రపంచ గ్రూపులో నిలిపాడు.

ఈ జీవితంలో చేదు అధ్యాయం 2012 నాటిది. సరిగా అర్థం చేసుకోవలసినది కూడా అదే. లండన్ ఒలింపిక్స్‌కు మహేశ్ భూపతితో కలిసి ఆడాలని బోపన్న ఆ ఏడాది ఆరంభం నుంచే జోడీ కట్టాడు. అఖిల భారత టెన్నిస్ సంఘం మాత్రం మొదట లియాండర్ పేస్, భూపతి జోడీని పంపదలచింది. భూపతి అంగీకరించలేదు. తరువాత పేస్‌తో బోపన్నను జత చేయబోయింది. బోపన్నా నిరాకరించాడు. చివరికి రెండు జోడీలను పంపవలసి వచ్చింది. పేస్‌కు భాగస్వామిగా ర్యాంకులో చాలా దిగువన ఉన్న హైదరాబాదు యువకుడు విష్ణువర్ధన్ వెళ్లాడు. పేస్‌ను శాంతింపజేయడానికి మిక్స్‌డ్ డబుల్స్‌లో అతనికి సానియా మీర్జాను జత చేశారు. తనను ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగంగానే ఆవేదన వెలిబుచ్చింది. లండన్‌లో రెండు పురుషుల జోడీలూ రెండవ రౌండులోనే ఓడిపోయాయి. ఆపైన సంఘం భూపతి, బోపన్నలపై రెండేళ్ల నిషేధం ప్రకటించింది. కర్ణాటక హైకోర్టు దానిని నిలిపివేసింది.

ఆనాడు అభిమానులలో పెక్కుమంది దీనిని అహంకారాల తగాదాగా, దేశం కంటే సొంత లాభం చూసుకున్న వ్యవహారంగా తీర్మానించారు. అహంకారాలు లేవని అనలేము. కానీ మరి నాలుగేళ్లకు జరిగినది చూస్తే లోపం ఎక్కడున్నదో తేటపడుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌కు ప్రపంచ పది మందిలో ఒకడిగా బోపన్న నేరుగా అర్హుడయ్యాడు. తనకు భాగస్వామిగా ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేనిని కోరాడు. సంఘం ఆ కోరికను తోసిపుచ్చి మళ్లీ పేస్‌నే జత చేసింది. సంవత్సరమంతా కలిసి ఆడని ఆ ఇద్దరూ మొదటి రౌండులోనే వెనుదిరిగారు. సాకేత్ ఆడి ఉంటే పతకం వచ్చేదని ఎవరూ చెప్పలేరు. అయితే వారం వారం జోడీ మీదే బతికే ఆటగాడికి తన జోడీ ఎవరో చెప్పే హక్కు నాలుగేళ్లకు ఒకసారి వచ్చే పోటీలో లేకుండా పోవడం విడ్డూరం. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు నిలవవచ్చు గానీ, పెద్దలు కుదిర్చిన డబుల్స్ జోడీలు మన దేశంలో నిలిచిన దాఖలాలు తక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి బోపన్న మాటకు విలువ దక్కింది, తమిళనాడుకు చెందిన శ్రీరామ్ బాలాజీని ఎంచుకున్నాడు. అప్పటికి అతనికి 44 ఏళ్లు. మొదటి రౌండులో ఓడి, దేశం తరఫున ఇదే చివరి మ్యాచ్ అని చెప్పి వచ్చేశాడు.

రియోలో పతకానికి అతి సమీపంగా వచ్చినది సానియాతో కలిసి ఆడిన మిక్స్‌డ్ డబుల్స్‌లో. సెమీఫైనల్‌లో మొదటి సెట్టు గెలిచి కూడా వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జోడీ చేతిలో ఓడారు. కాంస్య పతకం మ్యాచ్‌లోనూ ఓటమే. నాలుగవ స్థానం. ఆ మరుసటి ఏడాది, 37 ఏళ్ల వయసులో, కెనడాకు చెందిన గాబ్రియేలా డబ్రోవ్‌స్కీతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచాడు. ఫైనల్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 12–10తో టైబ్రేకు నెగ్గారు. పేస్, భూపతి, సానియాల తరువాత గ్రాండ్‌స్లాం టైటిల్ పొందిన నాలుగవ భారతీయుడయ్యాడు. 2018 ఆసియా క్రీడలలో దివిజ్ శరణ్‌తో స్వర్ణం గెలిచాడు. అక్కడితో ఆగిపోయి ఉన్నా గౌరవప్రదమైన జీవితమే.

2021 ఆరంభంలో అతడు దాదాపు ఆగిపోయాడు కూడా. అయిదు నెలల పాటు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదని, ఇక చాలించుకుంటానని భార్యకు వీడియో సందేశం పంపానని అతడే తరువాత మెల్‌బోర్న్ వేదికపై వెల్లడించాడు. మోకాళ్లలో మృదులాస్థి పూర్తిగా అరిగిపోయింది. నొప్పి మాత్రలతో ఆడిన రోజులున్నాయి. ఆ దశలో అయ్యంగార్ యోగాసనాలు ఆశ్రయించాడు. తాళ్లు, దిమ్మెలు, కుర్చీల సహాయంతో శరీరాన్ని సరిచేసే ఈ పద్ధతిని రూపొందించిన బి.కె.ఎస్. అయ్యంగార్ కర్ణాటకలోని కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టినవాడు. కాళ్లకు బలం, మనసుకు నిదానం దాని వల్లనే చేకూరాయని బోపన్న పలుమార్లు చెప్పాడు. శిక్షకుడు స్కాట్ డేవిడాఫ్ ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండడం కూడా తక్కువ విషయమేమీ కాదు.

2023లో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ ఎబ్డెన్ భాగస్వామి అయ్యాడు. ఇద్దరూ సంవత్సరమంతా కలిసి ఆడారు. ఫలితాలు వెంటనే కనిపించాయి. దోహాలో టైటిల్, ఇండియన్ వెల్స్ మాస్టర్స్ టైటిల్, వింబుల్డన్ సెమీఫైనల్, యుఎస్ ఓపెన్ ఫైనల్. న్యూయార్క్‌లో 2010 తరువాత పదమూడేళ్లకు మళ్లీ పురుషుల డబుల్స్ ఫైనల్ ఆడుతూ, కీలక దశలో బంతి తన చేతిని రాసుకుంటూ పోయిందని తానే చెప్పి పాయింటు వదులుకున్నాడు. అంపైరు గమనించలేదు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. అదే ఏడాది ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ సానియాతో కలిసి ఆడాడు. అది ఆమెకు చివరి గ్రాండ్‌స్లాం. సెప్టెంబరులో లక్నోలో మొరాకోపై చివరి డేవిస్ కప్ మ్యాచ్, తరువాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రుతుజా భోసలేతో మిక్స్‌డ్ స్వర్ణం.

2024 జనవరి 27న మెల్‌బోర్న్‌లో బోపన్న, ఎబ్డెన్ జోడీ ఇటలీకి చెందిన సిమోన్ బొలెల్లి, ఆంద్రియా వావసోరీలను 7–6, 7–5తో ఓడించింది. గ్రాండ్‌స్లాం పురుషుల డబుల్స్‌లో అది బోపన్నకు 61వ ప్రయత్నం. ఓపెన్ శకంలో గ్రాండ్‌స్లాం గెలిచిన పురుషులలో అత్యధిక వయస్కుడు అతడే. రెండు రోజుల ముందే పద్మశ్రీ ప్రకటన వెలువడింది. మార్చిలో మయామి మాస్టర్స్ కూడా గెలిచి, తన వయసు రికార్డును తానే సవరించాడు. ఆ ఏడాది చివరికి ఎబ్డెన్‌తో జోడీ విడిపోయింది. 2025లో భాగస్వాములు మారుతూ వచ్చారు, ఫలితాలూ అంతంత మాత్రమే. 26 టూర్ టైటిళ్లతో లెక్క ముగిసింది.

ఇంతకూ మన దేశం డబుల్స్‌లోనే ఎందుకు రాణిస్తున్నది? రమేశ్ కృష్ణన్ 1986లో వింబుల్డన్, 1987లో యుఎస్ ఓపెన్ సింగిల్స్ క్వార్టర్ ఫైనల్స్ ఆడాడు. ఆ తరువాత భారతీయ పురుషులెవరూ గ్రాండ్‌స్లాం సింగిల్స్‌లో అంత దూరం వెళ్లలేదు. డబుల్స్‌లో మాత్రం 1999లో పేస్, భూపతి నాలుగు గ్రాండ్‌స్లాం ఫైనల్స్‌కూ చేరి రెండు గెలిచారు. 2015లో సానియా మహిళల డబుల్స్ ప్రథమ ర్యాంకు అందుకుని మొత్తం 91 వారాలు నిలుపుకున్నది. దీనిని జాతి స్వభావంగా వర్ణించేవారున్నారు. అది సరికాదు. సింగిల్స్ ఆటగాడు తయారయ్యేది పదహారు నుంచి ఇరవై రెండేళ్ల లోపల. ఆ వయసులో ఏడాదికి ఇరవై అయిదు, ముప్పై వారాలు విదేశాలలో శిక్షకునితో తిరగాలి. మన పిల్లలకు ఆ ఖర్చు భరించే వ్యవస్థ లేదు. ఇరవై అయిదు దాటి, శరీరం అలిసి, చేతిలో మంచి సర్వీసు మాత్రం మిగిలినవారు డబుల్స్ వైపు మళ్లుతున్నారు. మనం గర్వపడుతున్న డబుల్స్ సంప్రదాయం చాలా వరకు సింగిల్స్‌లో తెగిపోయిన దారుల నుంచి పుట్టినదే.

సాకేత్ మైనేని సంగతి చూడండి. 2016 యుఎస్ ఓపెన్‌లో అర్హత పోటీలు దాటి సింగిల్స్ ప్రధాన డ్రాకు చేరాడు. మొదటి మ్యాచ్‌లో అయిదు సెట్లు పోరాడి, కండరాలు పట్టేసి ఓడిపోయాడు. ఆ తరువాత గాయాలు. క్రమంగా డబుల్స్‌కే పరిమితమయ్యాడు. 2014 ఆసియా క్రీడలలో సానియాతో స్వర్ణం, 2023లో రామ్‌కుమార్ రామనాథన్‌తో రజతం అతని ఖాతాలో ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024లో అర్జున్ ఖడేతో కలిసి అల్మాటీలోనూ, 2025లో కొలంబియా ఆటగాడు నికొలాస్ బారియెంటోస్‌తో శాంటియాగోలోనూ టూర్ టైటిళ్లు గెలిచాడు. తెలుగు పత్రికలలో ఆ వార్తకు దక్కిన స్థలం ఒక స్థానిక క్రికెట్ పోటీకి దక్కే దానికంటె ఎక్కువేమీ కాదు. యుకీ భాంబ్రీ సింగిల్స్‌లో 83వ ర్యాంకు దాకా వెళ్లి, గాయాల పిమ్మట డబుల్స్‌కు మారి, 2025 యుఎస్ ఓపెన్ డబుల్స్‌లో సెమీఫైనల్ ఆడాడు. వీరందరికీ బోపన్న నడిచిన బాటే ఆధారం.

అయితే ఆ బాట ఇరుకవుతున్నది. డబుల్స్ మ్యాచ్‌లకు టీవీ ప్రేక్షకులు లేరని, టికెట్లు అమ్ముడుపోవని నిర్వాహకుల వాదన. 2025 ఆగస్టులో యుఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ స్వరూపాన్నే మార్చివేశారు. జోడీల సంఖ్య 16కు కుదించారు. వాటిలో 8 జోడీలను సింగిల్స్ ర్యాంకుల ఆధారంగా తీసుకున్నారు, మిగిలిన 8 నిర్వాహకుల ఇష్టం. ఫైనల్ తప్ప మిగతా మ్యాచ్‌లలో నాలుగు గేములకే సెట్టు. ప్రధాన పోటీకి ముందు వారంలో రెండు రోజులలో ముగించారు. విజేత జోడీకి అంతకు ముందు ఏడాది 2 లక్షల డాలర్లుండగా దానిని 10 లక్షలకు పెంచారు. స్టేడియం నిండిన మాట వాస్తవం. కానీ డబుల్స్ మీదే బతికేవారిలో దాదాపు అందరికీ తలుపు మూసుకుపోయింది. విచిత్రమేమంటే, నిర్వాహకుల దయతో చోటు దొరికిన డబుల్స్ నిపుణుల జోడీ, ఇటలీకి చెందిన సారా ఎరానీ, ఆంద్రియా వావసోరీలు, సింగిల్స్ తారలందరినీ ఓడించి టైటిల్ తీసుకువెళ్లారు. ఈ వావసోరీయే మెల్‌బోర్న్ ఫైనల్‌లో బోపన్న చేతిలో ఓడినవాడు. ఆట తెలిసినవారు ఎవరో కోర్టు మీద రుజువైంది, అయినా రాబడి ఎవరి వల్ల వస్తుందన్న లెక్క మారలేదు.

ఇదే పద్ధతి పురుషుల డబుల్స్‌కూ పాకితే మన దేశానికి కలిగే నష్టం ఇతరులకంటె ఎక్కువ. సింగిల్స్‌లో మొదటి వందలో నిలకడగా ఆటగాళ్లున్న దేశాలకు ఇది వినోదంలో మార్పు మాత్రమే. మనకు పోయేది ఉన్న ఒక్క ఆసరా. శిక్షకుడు ఎం. బాలచంద్రన్‌తో కలిసి బోపన్న చేయూతనిస్తున్న ‘డబుల్స్ డ్రీమ్ ఆఫ్ ఇండియా’ వంటి ప్రయత్నాలు ఆటగాళ్లకు శిక్షకులను, వైద్య సహాయాన్ని సమకూర్చడానికి పనికివస్తాయి. నడిచే కాలు ఆగకుండా చూడడం వాటి పని. పోటీలో చోటు ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ తేలుతుంది. అక్కడ మన మాట వినిపించవలసినది జాతీయ సంఘం. ఆ సంఘం ఇంతకాలం తన శక్తిని దేశంలోని జోడీలను కలపడానికీ విడదీయడానికీ వెచ్చించింది. ఆసియా క్రీడలకూ ఒలింపిక్స్‌కూ జోడీల ఎంపిక ఏ నియమం ప్రకారం జరుగుతుందో ముందుగా కాగితం మీద ప్రకటించడానికి దానికి పైసా ఖర్చు కాదు.